పుస్తకం తెరుచుకునే తీరు: సొంత అచ్చుకు ముందు తేల్చుకోవలసిన సంగతులు

అనంతపురంలో గానీ, కడప, కర్నూలు పట్టణాల్లో గానీ సొంత ఖర్చుతో పుస్తకం అచ్చు వేయించుకునేవారు సాధారణంగా ఒకే వరుసలో నడుస్తారు. మొదట రాతప్రతిని డీటీపీకి, అంటే కంప్యూటరులో టైపు చేసి పేజీలు అమర్చేవారికి, ఇస్తారు. ప్రూఫులు దిద్దడం పూర్తయ్యాక ప్రెస్సుకు వెళ్లి, ఇన్ని పేజీలకు, ఇన్ని కాపీలకు ఎంతవుతుందని రేటు అడుగుతారు. ఆ రేటును బట్టి కాగితం ఖాయమవుతుంది. బైండింగు సంగతి చివరి రోజున, చాలాసార్లు ఫోనులోనే, ఒక్క మాటలో తేలిపోతుంది. ఈ వరుస తలకిందులుగా ఉన్నదని నేను అనుభవం మీద తెలుసుకున్నాను. పుస్తకం చేతిలో ఎలా తెరుచుకోవాలో ముందు నిర్ణయించుకుని, అక్కడి నుంచి కాగితానికి, కాగితం నుంచి పేజీ అమరికకు రావాలి. సైజు, కాగితం, బైండింగు, పేజీ అమరిక విడివిడి విషయాలుగా కనిపించినా, ఒకదాన్ని కదిలిస్తే మిగిలిన మూడూ కదులుతాయి.

మా నాన్నగారు తాడిపత్రి ప్రాంతంలో ఉపాధ్యాయులుగా పనిచేస్తూ ముప్పయ్యేళ్లపాటు రాసుకున్న పద్యాలను, జ్ఞాపకాలను ఆయన పోయిన తర్వాత 216 పేజీల పుస్తకంగా 300 కాపీలు వేయించాము. చూడడానికి అందంగానే వచ్చింది. ఆ ఎండాకాలంలో మా అమ్మ మధ్యాహ్నం పూట దాన్ని ఒళ్లో పెట్టుకుని, మడత వైపు అక్షరాలు కనిపించక, రెండు బొటనవేళ్లతో పేజీలను అదిమిపట్టి చదివేది. ఎడమ పేజీలో ప్రతి పంక్తి చివరి అక్షరం, కుడి పేజీలో ప్రతి పంక్తి మొదటి అక్షరం మడతలోకి దిగిపోయి ఉన్నాయి. అలా అదిమిన చోట పది రోజులకే వెన్ను మీది జిగురు టక్కుమని చిట్లి, నాన్నగారు తన పెళ్లి ముచ్చట రాసుకున్న ఆకు ఊడి ఆమె చేతికి వచ్చింది. కడపలో పాత పుస్తకాలు కట్టే ఒక బైండరు దగ్గరికి ఆ కాపీని తీసుకువెళ్లాను. ఆయన పుస్తకాన్ని వెన్ను వైపు తిప్పి, గోటితో జిగురును గీకి చూసి, "అన్నీ విడి ఆకులే సార్, మడతే లేదు. పోనీ పక్క కుట్టు వేద్దామంటే లోపల జాగా యాడుంది? కుడితే అక్షరాలు పోతాయి" అన్నారు. మేము చేసిన పొరపాట్లన్నీ ఆ మాటల్లోనే ఉన్నాయి.

తాటాకు గ్రంథాలు రాసిన మన లేఖకులకు ఈ సంగతి బాగా తెలుసు. ఆకుకు రంధ్రం చేసి తాడు గుచ్చి కట్టవలసి ఉంటుంది కాబట్టి, తాడు రాపిడికి అక్షరం అరిగిపోకుండా రంధ్రం చుట్టూ కొంత ఖాళీ వదిలి, పంక్తిని అక్కడ ఆపి అవతలి వైపు మళ్లీ అందుకునేవారు. అంటే కట్టే పద్ధతి ముందు, రాసే పద్ధతి తరువాత. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ అక్కడ బంగళా కొని, పండితులను నియమించి, తాళపత్ర ప్రతులను సరిచూయించి కాగితం మీదికి ఎత్తి రాయించారు. ఆ బంగళా ఉన్నచోటనే ఇప్పుడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉంది. పుస్తకం వేయాలనుకునే మన ప్రాంతంవారు అచ్చుకు ముందు ఒక పూట ఏదైనా పాత గ్రంథాలయంలో గడిపి, యాభై ఏళ్లు నిలిచిన పుస్తకాల వెన్నులు ఎలా కట్టి ఉన్నాయో చూడడం నాకు తెలిసినంతలో మంచి చదువు.

ఇప్పుడు మన ఊళ్ల ప్రెస్సుల్లో దొరికే బైండింగులు ప్రధానంగా నాలుగు రకాలు. సన్నని పుస్తకాలకు సెంటర్ పిన్ వేస్తారు. కాగితాలను మధ్యకు మడిచి, ఒకదానిలో ఒకటి అమర్చి, మడత మీద రెండు పిన్నులు కొడతారు. ఇది చక్కగా పరుచుకుంటుంది, కానీ పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి, 64 పేజీలు దాటితే మధ్య కాగితాలు బయటికి పొడుచుకు వస్తాయి. వాటిని సమంగా కోసినప్పుడు మధ్య పేజీల వెలుపలి మార్జిన్ తగ్గిపోతుంది. సైడ్ పిన్ పుస్తకం గట్టిగానే ఉంటుంది, అయితే పిన్ను దాటి అది తెరుచుకోదు. లోపల అంగుళం మార్జిన్ వదలకపోతే చదవడమే కష్టం. చదువుకునే పుస్తకానికి నేను దీనిని సిఫారసు చేయను.

అసలు చిక్కు మూడవ, నాలుగవ రకాల మధ్యనే ఉంది. పర్ఫెక్ట్ బైండింగులో ఫారాలను, అంటే అచ్చు వేసి మడిచిన పేజీల కట్టలను, వరుసగా పేర్చి, వెన్ను వైపు మడతలను యంత్రం కోసివేస్తుంది. అక్కడి నుంచి పుస్తకం విడి ఆకుల దొంతర. కోసిన అంచును గరుకు చేసి, సుమారు 170 డిగ్రీల వేడిలో కరిగించిన ఈవీఏ అనే ప్లాస్టిక్ జిగురును పూసి, దాని మీద కవరును అదుముతారు. ప్రతి ఆకును పట్టి ఉంచేది కాగితమంత పలుచని అంచుకు అంటిన ఆ జిగురు పొర ఒక్కటే. ఈవీఏ వేడికి మెత్తబడుతుంది, చలికి, వయసుకు పెళుసవుతుంది. మే నెలలో మన ఎండలో నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటుతుంది. ఆవిష్కరణ సభకు పుస్తకాల కట్టలను అలాంటి కారులో పెట్టి తిప్పితే వెన్నులు ఒంకరపోవడం, ఆకులు కదలడం సహజం. పీయూఆర్ అనే మరో జిగురు గాలిలోని తేమతో గట్టిపడి, ఆ తర్వాత వేడికి కరగదు, పట్టు కూడా చాలా ఎక్కువ. దానికి యంత్రం వేరుగా ఉండాలి కాబట్టి పెద్ద ప్రెస్సుల్లోనే దొరుకుతుంది.

కుట్టు బైండింగులో మడతను కోయరు. పదహారు పేజీల ఫారాన్ని మడిచి, మడత మధ్యలో నుంచి దారం పోనిచ్చి, ఒక ఫారాన్ని మరొక ఫారానికి కుట్టుకుంటూ వెళతారు, ఆ తరువాతే వెన్నుకు జిగురు రాస్తారు. జిగురు ఎండిపోయినా దారం ఉంటుంది. దారం ఉన్నంతకాలం ఆకు ఊడదు. పైన మామూలు అట్ట కవరు అంటించుకోవచ్చు, లేదా గ్రే బోర్డు, కాలికో గుడ్డ వేసి గట్టి అట్ట కట్టించుకోవచ్చు. చేతితో కట్టే పాత బైండర్లు మైదా బంకలో కొంచెం మైలుతుత్తం కలపడం పురుగు పట్టకుండా ఉండేందుకే. 100 పేజీలు దాటిన ఏ పుస్తకానికైనా, ఇంట్లోవాళ్లు మళ్లీ మళ్లీ తీసి చదువుతారన్న ఆశ ఉంటే, కుట్టించి పైన మెత్తని కవరు వేయడమే సరైన మార్గమని నా గట్టి అభిప్రాయం. ఖర్చు పెరుగుతుందన్న మాట నిజమే. కవరు మీద మెరుపు అక్షరాలకూ, ఉబ్బెత్తు బొమ్మలకూ పెట్టే డబ్బును ఆపి దారానికి పెడితే ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది.

కుట్టాలంటే మడత ఉండాలని బైండరుగారు చెప్పారు కదా. ఇక్కడే అచ్చు పద్ధతి ప్రవేశిస్తుంది. ఆఫ్‌సెట్‌లో పెద్ద షీటు మీద ఒక వైపు ఎనిమిది, మరో వైపు ఎనిమిది పేజీలు వేసి మడుస్తారు కాబట్టి ఫారం సహజంగానే వస్తుంది. తక్కువ కాపీలకు వాడే డిజిటల్ అచ్చులో చాలాచోట్ల ఒక్కొక్క ఆకుగా తీసి కోస్తారు. దాన్ని ఇక కుట్టలేము. కానీ అదే డిజిటల్ యంత్రంలో ఒక్కో షీటు మీద పక్కపక్కన రెండు పేజీలు, వెనుక రెండు పేజీలు వచ్చేలా అమర్చి, నాలుగు షీట్లను ఒకదానిలో ఒకటి మడిస్తే పదహారు పేజీల ఫారం తయారవుతుంది. ఫైలు ఇచ్చే రోజునే ఈ మాట చెప్పాలి. అచ్చయ్యాక చెబితే ఉపయోగం లేదు.

ఇక కాగితం. అందరూ జీఎస్‌ఎం గురించే అడుగుతారు, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. దానికన్నా ముందు అడగవలసింది కాగితపు పోగు ఎటు నడుస్తోందని. మిల్లులో కాగితం యంత్రం మీద పరుగెత్తేటప్పుడు దానిలోని నార ఎక్కువగా ఆ పరుగు దిశలోనే పడుకుంటుంది. అందుకే దినపత్రికను ఒక వైపు చింపితే తిన్నగా చిరుగుతుంది, మరో వైపు చింపితే వంకరలు పోతుంది. తేమ తగిలితే నార పొడవునా దాదాపు పెరగదు, అడ్డంగానే ఉబ్బుతుంది. పుస్తకంలో ఈ పోగు వెన్నుకు సమాంతరంగా, పై నుంచి కిందికి ఉంటే ఆకు మెత్తగా వాలుతుంది. అడ్డంగా ఉంటే ఆకు పలకలా బిగుసుకుని, తెరిచిన ప్రతిసారీ జిగురును లాగుతుంది. మా పుస్తకం వెన్ను అంత త్వరగా చిట్లడానికి జిగురు ఒక్కటే కారణం కాదు; బైండరుగారు ఒక ఆకును నిలువునా, అడ్డంగా చింపి చూపించినప్పుడు పోగు అడ్డంగా ఉన్నట్టు తేలింది.

ఈ పోగు సంగతికి, పుస్తకం సైజుకు నేరుగా సంబంధం ఉంది. మన ప్రెస్సుల్లో డబుల్ డెమ్మీ షీటు 23 × 36 అంగుళాలు. దానిని నాలుగు నిలువు, నాలుగు అడ్డం భాగాలు చేస్తే 5.75 × 9 అంగుళాల ఆకులు పదహారు, అంటే 32 పేజీలు వస్తాయి. అంచులు కోస్తే అదే మనం 1/8 డెమ్మీ అనే 5.5 × 8.5 అంగుళాల పుస్తకం. పేజీ ఎత్తు షీటు పొడుగు వైపున పడుతుంది. కాబట్టి పోగు పొడుగునా ఉన్న షీటు కొంటే అంతా సరిపోతుంది. 20 × 30 అంగుళాల డబుల్ క్రౌను షీటు నుంచి వచ్చే 1/8 క్రౌను, అంటే సుమారు 4.75 × 7.25 అంగుళాల చిన్న పుస్తకానికీ ఇదే వర్తిస్తుంది. అదే షీటు నుంచి 1/4 క్రౌను పుస్తకం తీస్తే మాత్రం పేజీ ఎత్తు షీటు పొట్టి వైపున పడుతుంది, కాబట్టి మామూలు షీటు వాడితే పోగు అడ్డం తిరుగుతుంది. ఫొటోలు ఎక్కువగా ఉన్నాయని ఈ పెద్ద సైజుకు వెళ్లేవారు, పోగు పొట్టి వైపున నడిచే షీటు తెప్పించగలరా అని ప్రెస్సువారిని తప్పక అడగాలి.

బరువు విషయానికి వస్తే, లోపలి పేజీలకు 70 జీఎస్‌ఎం మాప్లిథో, అంటే పూత లేని మామూలు అచ్చు కాగితం, చాలా పుస్తకాలకు సరిపోతుంది. 60 అయితే వెనుక పేజీ అక్షరాలు నీడలా కనిపిస్తాయి. తెలుగు అక్షరాల నలుపు దట్టంగా ఉండడం వల్ల ఇది మరింత బాధిస్తుంది. ఖర్చు తేడా తెలియాలంటే కాగితాన్ని తూకంలో చూడాలి, ఎందుకంటే వ్యాపారులు అమ్మేది కిలోల లెక్కన. 70 జీఎస్‌ఎం డబుల్ డెమ్మీ రీము, అంటే 500 షీట్లు, 18.7 కిలోలు తూగుతుంది; 80 జీఎస్‌ఎం అయితే 21.4 కిలోలు. 240 పేజీల పుస్తకానికి ఏడున్నర షీట్లు, 300 కాపీలకు 2250 షీట్లు, అంటే నాలుగున్నర రీములు. మొదటి కాగితంతో సుమారు 84 కిలోలు, రెండవదానితో 96 కిలోలు. యంత్రం మీద వృథాగా పోయే షీట్లు దీనికి అదనం. ఈ లెక్క చేతిలో ఉంటే రేటు చీటీలో కాగితానికి ఎంత పడిందో మీరే చూసుకోగలుగుతారు.

తెల్లదనం గురించి ఒక మాట. మిరుమిట్లు గొలిపే తెల్ల కాగితం షాపులో బాగుంటుంది, మన ఎండ వెలుగులో వాకిట్లో కూర్చుని చదివేవారికి కళ్లు లాగుతాయి. నేచురల్ షేడ్ అనే లేత పసుపు కాగితం అలాంటివారికి హాయిగా ఉంటుంది. అయితే జీఎస్‌ఎం ఒకటే అయినా ఒక మిల్లు కాగితం మరో మిల్లు కాగితమంత మందంగా ఉండదు. రాజమహేంద్రవరం మిల్లు కాగితానికి, చెరకు పిప్పి నుంచి తయారయ్యే కరూరు కాగితానికి వేలి కొసలకే తేడా తెలుస్తుంది. న్యూస్‌ప్రింట్ వైపు మాత్రం పోవద్దు. దానిలోని చెక్క గుజ్జు కొద్ది ఏళ్లలోనే పసుపు రంగుకు, ఆపైన గోధుమ రంగుకు తిరిగి పెళుసవుతుంది. పాత కుటుంబ ఫొటోలు ఉంటే వాటిని మాప్లిథో మీద వేయక, నునుపు పూత ఉన్న ఆర్ట్ పేపరు మీద ఎనిమిది పేజీల ఫారంగా విడిగా అచ్చు వేయించి రెండు ఫారాల మధ్య కుట్టించడం మేలు. మాప్లిథో సిరాను పీల్చుకోవడంతో ముఖాల్లోని నీడలు ముద్ద కడతాయి.

బైండింగు, కాగితం, సైజు తేలిన తరువాతే డీటీపీ ముందు కూర్చోవాలి. లోపలి మార్జిన్ కుట్టు పుస్తకానికి 0.7 అంగుళం, జిగురు పుస్తకానికి 0.85 అంగుళం తగ్గకూడదు. మా మొదటి పుస్తకంలో నాలుగు వైపులా సమంగా అర అంగుళం వదిలారు, ఫైలు తెర మీద చూసినప్పుడు అది ఎంతో పొందికగా కనిపించింది. తెర మీద పేజీకి మడత ఉండదు.

తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. "రాష్ట్రం" అన్న మాటలో షకారం కింద టకారపు వత్తు, దానితో పాటు రేఫ వత్తు కూడా నిలవాలి; "స్త్రీ" అన్న మాటలో కింద రెండు వత్తులు, పైన దీర్ఘం. ఇంగ్లీషుకు సరిపోయే పంక్తి ఎడం మనకు చాలదు. 13 పాయింట్ల అక్షరానికి 18 పాయింట్ల పంక్తి ఎడం ఇస్తే వత్తు కింది పంక్తి గుడికి తగలకుండా ఉంటుంది, 1/8 డెమ్మీ పేజీలో 27 పంక్తులు పడతాయి. పేజీలు తగ్గించాలని ఈ ఎడాన్ని 15కు దించడం పెద్ద వయసు పాఠకులకు అన్యాయం చేయడమే.

పద్యాలున్న పుస్తకానికి సైజును పద్యమే నిర్ణయిస్తుంది. వేమన వాడిన ఆటవెలది వంటి చిన్న పాదాలు క్రౌను పుస్తకంలో సుఖంగా ఇముడుతాయి. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. మార్జిన్లు పోగా క్రౌను పేజీలో మిగిలే మూడున్నర అంగుళాల వెడల్పులో 13 పాయింట్లతో ఆ పాదం చాలాసార్లు పట్టక, చివరి రెండక్షరాలు కింది పంక్తికి జారుతాయి. అలా జారితే ప్రాస కంటికి అందదు. నాలుగు పాదాలూ ఒకే గీత నుంచి మొదలైనప్పుడు రెండవ అక్షరాలు ఇంచుమించు ఒకదాని కింద ఒకటి నిలిచి, ప్రాసను చెవికన్నా ముందు కన్నే పట్టుకుంటుంది. అందుకని వృత్తాలున్న పుస్తకం డెమ్మీలోనే వేయాలి. సీసపాదాన్ని ఎలాగూ రెండు పంక్తులుగా విరిచి వేయడం అలవాటు కాబట్టి దానితో ఇబ్బంది లేదు. వచనంలో వచ్చే చిక్కు వేరు. మన సమాసాలు పొడవు కాబట్టి రెండు అంచులూ సమం చేసినప్పుడు మాటల మధ్య పెద్ద ఖాళీలు పడతాయి. అక్షరం చివర విరవడానికి అనుమతిస్తే అవి తగ్గుతాయి: "కార్యక్రమంలో" అన్న మాట "కార్య" దగ్గర విరగవచ్చు, వత్తు మాత్రం తన అక్షరాన్ని విడిచి కింది పంక్తికి పోకూడదు.

ఫాంట్ల విషయంలో మన డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ అను ఫాంట్లదే రాజ్యం. అక్షరాలు అందంగానే ఉంటాయి, కానీ అది ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ గుర్తించే యూనికోడ్ పద్ధతి కాదు. ఫోనులో యూనికోడ్‌లో టైపు చేసిన ప్రతిని దానిలోకి మార్చినప్పుడు "కాగజ్‌నగర్" వంటి పొల్లు మాటలు "కాగజ్నగర్"గా మారిపోతుంటాయి, కొన్ని వత్తులు తారుమారవుతాయి. మార్చిన తర్వాత ప్రూఫును మొదటి నుంచి మళ్లీ చదవక తప్పదు. యూనికోడ్‌లోనే పని చేయించగలిగితే పోతన, వేమన ఫాంట్లు, సిలికానాంధ్ర ద్వారా వచ్చిన సూరన్న, పెద్దన, తిమ్మన వంటివి ఉచితంగా దొరుకుతాయి. ఇన్‌డిజైన్‌ అనే పేజీ అమరిక సాఫ్ట్‌వేర్‌లో అయితే వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకోవాలి, లేకపోతే సంయుక్తాక్షరాలు విడిపోతాయి. ఖాయం చేసే ముందు మీ పుస్తకంలోని అరసున్న, బండి ఱ, వట్రసుడి, జంట వత్తులున్న మాటలు ఏరి ఒక పేజీగా అచ్చు తీసి చూడండి.

పేజీల మొత్తం పదహారు గుణిజాల్లో ఉండాలి. మా 216 పేజీలు పదమూడున్నర ఫారాలు. రెండవ ముద్రణకు పంక్తి ఎడం పెంచి, అధ్యాయాలను కుడి పేజీలో మొదలుపెట్టి, 240 పేజీలకు, సరిగ్గా 15 ఫారాలకు తెచ్చాము. కవరుకు 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, మాట్ లామినేషన్ చాలు. లామినేషన్ పొర తేమను పీల్చదు, లోపలి వైపు కాగితం పీల్చుతుంది, అందుకే వానాకాలంలో కవరు బయటికి లేస్తుంది, ఎండాకాలంలో లోపలికి వంగుతుంది. కవరులో కూడా పోగు నిలువుగా ఉండడం మేలు.

వెన్ను వెడల్పును లెక్కతో ఊహించవద్దు. 120 ఆకులకు సుమారు 11 మిల్లీమీటర్లు వస్తుందని చెప్పవచ్చు గానీ, మిల్లు మారితే అదీ మారుతుంది. అచ్చుకు ముందే, వాడబోయే కాగితంతో, అన్ని ఫారాలతో ఒక తెల్ల డమ్మీని, అంటే అచ్చు లేని నమూనా పుస్తకాన్ని, కుట్టించి ఇమ్మని అడగండి. అనంతపురంవారు బెంగళూరులో, కర్నూలువారు హైదరాబాదులో, కడపవారు చెన్నైలో అచ్చు వేయించుకుంటున్నప్పుడు ఈ డమ్మీ ఇంకా అవసరం, ఎందుకంటే దూరాన ఉన్న ప్రెస్సుతో మాట్లాడేటప్పుడు బల్ల మీద పెట్టి చూపించగల వస్తువు అదొక్కటే. దాన్ని మధ్యలో తెరవండి, వెన్నును స్కేలుతో కొలవండి, పెన్సిలుతో మార్జిన్లు గీయండి. పుస్తకాలు వచ్చాక వేరువేరు కట్టల నుంచి ఐదు కాపీలు తీసి, ఫారాల వరుస, పేజీ సంఖ్యలు సరిచూసి, మధ్యలో పూర్తిగా తెరిచి, ఒక ఆకును పట్టి మెల్లగా లాగి చూడండి. కట్టలను రేకుల గదిలో పెట్టకుండా, నిలబెట్టకుండా, పడుకోబెట్టి పేర్చండి.

రెండవ ముద్రణకు ప్రెస్సువారు పంపిన డమ్మీలో అక్షరం లేదు, అంతా లేత పసుపు కాగితమే. మా అమ్మ దాన్ని బల్ల మీద సగానికి తెరిచి, కళ్లద్దాలు తుడుచుకోవడానికి రెండు చేతులూ తీసింది. ఆకులు కదలలేదు. ఆ రోజు సాయంత్రమే పేజీల అమరిక మొదలుపెట్టాము.